మీరడిగారు, చెప్తున్నాం: న్యూట్రాన్ దెబ్బకి ఆర్గాన్ ఎంత దూరం పోద్ది?

పోయిన నెల సైదాపురం, కలిచేడు వైపు దొరికే అభ్రకం గురించి రాస్తా, అట్టాంటి ఖనిజాల వయసు ఆర్గాన్ గ్యాస్‌తో కొలుస్తారు, దానికోసం శాంపిల్‌ని రియాక్టర్‌లో పెడతారు అని ఒక్క ముక్క రాశాం. ఆ ఒక్క ముక్క మీదే ఉత్తరాలు ఇన్ని వచ్చినయి. గూడూరు నించి ఒంగోలు దాకా రాళ్ళ గురించి ఇంతమంది అడుగుతుంటే సంతోషంగా ఉంది, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నా, మాది గూడూరు దగ్గర పల్లె. అభ్రకం వయసు కట్టాలంటే దానికి న్యూట్రాన్లు కొట్టి ఆర్గాన్-39 తయారుచేస్తారని, ఆ కొట్టుడుకి ఆ ఆర్గాన్ ఉన్నచోటు నించి ఎగిరి బయటకి కూడా పోతుందని చదివా. దాన్ని రికాయిల్ అంటారంట. కొలవడానికి తయారుచేసిందే కొంత పారిపోతుంటే ఇంక ఆ వయసు ఎట్టా నమ్మేది సార్?

జవాబు: తమ్ముడూ, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. జవాబు ఒక్క ముక్కలో కావాలంటే ఖనిజం ఎంత మందంగా ఉందో చెప్పు, అప్పుడు నమ్మాలో లేదో నేను చెప్తా. ఎందుకో తెలియాలంటే మొదట్నించీ రావాలి.

పొటాషియంలో 93 శాతం పైన పొటాషియం-39. దానికి ఏమీ కాదు, ఎన్ని కోట్ల ఏళ్ళైనా అట్టానే ఉంటది. పొటాషియం-40 అనేది చాలా కొంచెం, 10 వేల పరమాణువులు తీసుకుంటే ఒక్కటి కంటే కాస్త ఎక్కువ అంతే, కానీ రేడియోధార్మికత ఉండేది దానికే. అది సగానికి తరగడానికి దాదాపు 125 కోట్ల ఏళ్ళు పడుతుంది. తరిగిన దాంట్లో 89 శాతం కాల్షియం-40 అయిపోద్ది, మిగిలిన 11 శాతం లోపు ఆర్గాన్-40 అవుద్ది. కాల్షియం రాయిలో ముందునించే బోలెడంత ఉంటది కాబట్టి కొత్తగా పుట్టింది ఏదో పాతది ఏదో విడదీయడం చాలా కష్టం, ఆర్గాన్ అట్టా కాదు, అది దేంతోనూ కలవని గ్యాస్, వేడి మీద ఉన్నప్పుడు ఖనిజంలో నిలవదు, చల్లబడినాకే లోపల చిక్కుకుని పోగవడం మొదలవుద్ది. అభ్రకంలో, అంటే మస్కొవైట్‌లో, ఈ చల్లబడటం అనేది సుమారు 400 డిగ్రీల వరసలో. కాబట్టి ఆర్గాన్ చెప్పే వయసు అభ్రకం పుట్టిన రోజుది కాకపోవచ్చు, ఆ వేడి కంటే కిందికి దిగిన కాలానిది.

పాత పద్ధతిలో, అంటే పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో, శాంపిల్‌ని రెండు ముక్కలు చేసి ఒకదాంట్లో పొటాషియం కొలిచేవాళ్ళు, ఇంకోదాంట్లో ఆర్గాన్. రెండు ముక్కలూ అచ్చం ఒకేలా ఉండాలి కదా, ఉండవు, అదొక తలనొప్పి. 1966లో మెరిహ్యూ, టర్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరే దారి చూపించారు, దాన్నే ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతి అంటారు. పొటాషియం-39ని రియాక్టర్‌లో వేగంగా వచ్చే న్యూట్రాన్లతో కొడితే, న్యూట్రాన్ లోపలికి పోయి ప్రోటాన్ ఒకటి బయటకి వచ్చి, అది ఆర్గాన్-39 అయి కూర్చుంటది. ప్రకృతిలో రాయి లోపల ఆర్గాన్-39 లెక్కలోకి వచ్చేంత ఉండదు, అర్ధాయువు దాదాపు 270 ఏళ్ళే, కాబట్టి కనిపించిందంతా మనం చేసిందే. ఇంక పొటాషియం విడిగా కొలిచే పనే లేదు, ఆర్గాన్-39 కొలిస్తే పొటాషియం కొలిచినట్టే. ఒకే గింజని లేజర్‌తోనో కొలిమిలోనో వేడిచేసి, వచ్చిన గ్యాస్‌ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి (పరమాణువుల్ని బరువుని బట్టి విడదీసి కొలిచే యంత్రం) పంపి, ఆర్గాన్-40కీ ఆర్గాన్-39కీ నిష్పత్తి చూస్తే వయసు వచ్చేస్తది. ఇంత చక్కటి పద్ధతి భూగర్భశాస్త్రంలో తక్కువ, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నా. క్రీస్తు శకం 79లో వెసూవియస్ పేలి పాంపేయిని కప్పేసిన బూడిదని 1997లో ఈ పద్ధతిలో కొలిస్తే 1925 ఏళ్ళు అని వచ్చింది, 94 అటూ ఇటూ. అసలు లెక్క 1918. మూడు నాలుగు వందల కోట్ల ఏళ్ళ చంద్రుడి రాళ్ళని కొలిచే పద్ధతే ఇదీ చేసింది మరి.

ఇంక నీ రికాయిల్. కొత్తపట్నం ఒడ్డున పడవ మీదనించి ఎవరన్నా నీళ్ళలోకి దూకితే పడవ వెనక్కి పోద్ది చూడు, ప్రోటాన్ బయటకి దూకినప్పుడు ఆర్గాన్-39 గతి కూడా అంతే, పైగా వచ్చి తగిలిన న్యూట్రాన్ తోపుడు కూడా దానికి కలుస్తది. ఆ ఎనర్జీ వంద, రెండొందల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరసలో ఉంటది (ఎలక్ట్రాన్ వోల్టు అంటే పరమాణువుల ఎనర్జీకి వాడే కొలత, కిలో అంటే వెయ్యి). ఖనిజంలో ఒక పరమాణువుని దాని చోట్లోనించి కదిలించడానికి కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, ఇది వేల రెట్లు ఎక్కువ. కాబట్టి అది దారిలో ఉన్నవాటిని గుద్దుకుంటా, వేగం పోగొట్టుకుంటా, ఎక్కడో ఆగుతుంది.

ఆర్గాన్-40 సంగతి పూర్తిగా వేరు, అందరూ ఇక్కడే దాటేసి పోతారు. ప్రకృతిలో పొటాషియం-40 నించి ఆర్గాన్-40 పుట్టినప్పుడు కూడా తన్ను ఉంటది, కాకపోతే ఆ వచ్చే గామా కిరణం ఇచ్చే తోపుడు ముప్పై ఎలక్ట్రాన్ వోల్టుల వరసలో ఉంటది, అంతే. పుట్టినచోటే దాదాపు కూర్చుని ఉంటది. కోట్ల ఏళ్ళ కింద పుట్టింది కదలకుండా ఉంది, నిన్న మనం రియాక్టర్‌లో పుట్టించింది పరిగెత్తింది. రెండూ ఒకే పొటాషియం ఇంట్లోవే అనుకుని మనం నిష్పత్తి తీస్తాం, కానీ ఒకటి ఇంట్లో లేదు.

ఎంత దూరం పరిగెత్తుద్ది? ఇది 1974లో టర్నర్, కాడొగన్ లెక్కకట్టారు, చంద్రుడి మీదనించి తెచ్చిన సన్నగింజ రాళ్ళలో వయసులు తేడాగా వస్తుంటే. సగటున 0.08 మైక్రాన్. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు, దాంట్లో మళ్ళీ పన్నెండో వంతు. మీ గూడూరు అభ్రకం చేతిలోకి తీసుకో, చాకు మొనతో అంచున గుచ్చితే రేకులు రేకులుగా విడిపోద్ది కదా, ఆ రేకు లోపల అసలు పొర ఒక్కొక్కటి ఒక నానోమీటర్ మందం, పొరకీ పొరకీ మధ్యన పొటాషియం వరసగా కూర్చుని ఉంటది. 0.08 మైక్రాన్ అంటే అట్టాంటి పొరలు 80. నేరుగా పైకి తన్ను తింటే ఆర్గాన్-39 ఎనభై పొరలు చీల్చుకుంటా పోయి ఆగుద్ది. వినడానికి చాలా అనిపిస్తది, కానీ చేత్తో చీల్చగలిగినంత సన్నటి 25 మైక్రాన్ల రేకులో పొరలు 25 వేలు. పైనించి ఎనభై, కిందనించి ఎనభై, అక్కడ పుట్టిన ఆర్గాన్-39లో కొంత భాగమే బయటకి పోద్ది, మిగతాది లోపలి వైపే పోద్ది. మొత్తం మీద ఒక శాతం కూడా పోదు. ల్యాబుల్లో వాడే గింజలు మామూలుగా వంద, రెండొందల మైక్రాన్ల సైజువి, వాటిల్లో నష్టం కొలతలో ఉండే తేడా కంటే పెద్దగా ఎక్కువ ఉండదు. నెల్లూరు అభ్రకం లాంటి పెద్దపెద్ద దిమ్మెలుగా దొరికే ముక్కల (బుక్ మైకా) విషయంలో రికాయిల్ గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు తమ్ముడూ.

అదే సన్నగా పొడి చేశావనుకో, కథ మారిపోద్ది. లెక్కకోసం 160 కోట్ల ఏళ్ళ అభ్రకం అనుకుందాం. ఆర్గాన్-39 ఒక 5 శాతం బయటకి పోయిందంటే, పొటాషియం ఉన్నదానికంటే తక్కువ ఉందని మనం అనుకుంటాం, వయసు 165 కోట్లన్నరకి ఎక్కుద్ది. ఐదున్నర కోట్ల ఏళ్ళు ఉత్తిపుణ్యానికి కలిసినయి. ఆర్గాన్-39 బయటకి పోయే ఈ తప్పు ఎప్పుడూ వయసు పెంచే వైపే పోద్ది, ఇది గుర్తుపెట్టుకో.

ఇంకోటి, నీ క్లాసులో ఎవరన్నా, వయసు తెలిసిన స్టాండర్డ్ ఖనిజాన్ని పక్కనే పెట్టి రియాక్టర్‌లో వేస్తారు కదా, ఈ నష్టం దాంట్లో కొట్టుకుపోదా అని అడగొచ్చు. అడుగుతారు కూడా. కొట్టుకుపోదు. స్టాండర్డ్‌గా వాడేది, ఉదాహరణకి అమెరికాలో కొలరాడో నించి వచ్చే ఫిష్ కేన్యన్ శానిడిన్ అనే ఖనిజం, సుమారు 2.82 కోట్ల ఏళ్ళది, అది లావు గింజ, దాంట్లోంచి పోయేది దాదాపు లేదు. అది న్యూట్రాన్లు ఎన్ని తగిలాయో చెప్తుంది గానీ నీ సన్నగింజలోంచి ఎంత పోయిందో చెప్పదు.

ప్రశ్న: మాది కావలి. మా నాన్నగారు మైకా కంపెనీలో చేసేవాళ్ళు, ఇంట్లో అభ్రకం పలకలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. రియాక్టర్, రేడియోధార్మికత అని మీరు రాస్తే మా అత్తయ్య భయపడి డబ్బా బయట పెట్టేసింది. పిల్లలు ముట్టుకోవచ్చా?

జవాబు: ముట్టుకోవచ్చమ్మా, డబ్బా లోపల పెట్టేసుకోండి. రియాక్టర్‌లో పెట్టిన శాంపిల్ వేరు, అది మిల్లీగ్రాముల్లో ఉంటది, అల్యూమినియం రేకులో చుట్టి పంపుతారు, వచ్చినాక కూడా వారాల తరబడి పక్కన పెట్టి చల్లారనిచ్చి అప్పుడు లైసెన్సు ఉన్న ల్యాబులోనే తెరుస్తారు, ఎవరింటికీ రాదు. మీ డబ్బాలో ఉండేది ప్రకృతిలో ఉన్న పొటాషియం, అది మన ఒంట్లో కూడా ఉంది, పెద్దవాళ్ళ శరీరంలో పొటాషియం-40 పరమాణువులు సెకనుకి నాలుగు వేల దాకా తరుగుతానే ఉంటాయి. అత్తయ్యగారికి ఆ మాట చెప్పండి. చూసుకోవాల్సింది వేరే ఉంది, అభ్రకాన్ని నూరి పొడి చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, పిల్లలు దాన్ని గీకి పొడి ఊదుకోకుండా చూడండి చాలు. మీ నాన్నగారి డబ్బా మీద ఏ గనిదో ఏమన్నా రాసి ఉంటే అది చెరిపేయకండి, ఊరూ గనీ తెలిసిన శాంపిల్‌కి ఉండే విలువ వేరు.

ప్రశ్న: నమస్కారమండీ. ఒంగోలు దగ్గర హైస్కూల్లో సైన్స్ టీచర్ని. మా వైపు నల్లరేగడి, గుండ్లకమ్మ ఒండ్రు రెండూ ఉన్నాయి. మట్టి వయసు కూడా ఈ ఆర్గాన్ పద్ధతిలో తీయొచ్చా అని పిల్లలు అడిగారు.

జవాబు: మాస్టారూ, పిల్లలకి నా తరఫున శభాష్ చెప్పండి, ఎందుకంటే రికాయిల్ అసలు రూపం చూపించేది మట్టే.

ముందు నల్లరేగడి పక్కన పెట్టేద్దాం. దాంట్లో ఎక్కువగా ఉండేది స్మెక్టైట్ జాతి క్లే (బంకమట్టి ఖనిజం), ఎండితే నెర్రెలిచ్చేదీ తడిస్తే ఉబ్బేదీ అదే. పొటాషియం తక్కువ, ఉన్నది కూడా నీళ్ళతో మారిపోతా ఉంటది, గడియారం అక్కడ పనిచేయదు. పొటాషియం గట్టిగా పట్టుకుని ఉండే క్లే ఇల్లైట్. సముద్రం అడుగున పుట్టే పచ్చటి గ్లాకొనైట్ ఇంకోటి. ఈ రెంటి వయసు తెలిస్తే ఆ అవక్షేప శిల ఎప్పుడు ఏర్పడిందో, ఎప్పుడు వేడెక్కిందో, భ్రంశాలు ఎప్పుడు కదిలాయో తెలుస్తది, అందుకని చమురు వెతికేవాళ్ళకి కూడా ఇది కావాలి.

ఇక్కడే చిక్కు. క్లే రేణువు అంటేనే 2 మైక్రాన్ల లోపుది, అది కూడా వెడల్పు. మందం చూస్తే ఇల్లైట్ పలక చాలాసార్లు పదుల నానోమీటర్లే. ఆర్గాన్-39 తన్ను తిని పోయే దూరం 80 నానోమీటర్లు. అంటే పలక మందం కంటే పరుగు ఎక్కువ. పైకో కిందికో తన్ను తిన్నది ఆ పలక దాటి పక్క పలకలోకన్నా పోవాలి, లేదా బయట ఖాళీలోకి పోవాలి. ఇట్టాంటి క్లేల్లో పాతిక, ముప్పై శాతం ఆర్గాన్-39 పోవడం మామూలే. ముప్పై శాతం పోతే 10 కోట్ల ఏళ్ళ క్లే 14 కోట్లు అని చూపిస్తది, దాన్ని నమ్మి పేపర్ రాస్తే ఆ రాయి మీద ఉన్న చరిత్ర అంతా తారుమారు అయిపోద్ది.

దీనికి ఉపాయం 1990ల్లో గట్టిగా వాడకంలోకి వచ్చింది, నాకు చాలా ఇష్టమైన ఉపాయం అది. క్లేని చిన్న క్వార్ట్జ్ గ్లాసు గొట్టంలో పెట్టి, లోపల గాలి అంతా పంపుతో లాగేసి, మూతి కరిగించి సీల్ చేసేస్తారు, సీల్ చేసినాకే రియాక్టర్‌కి పంపుతారు. లోపల ఏ ఆర్గాన్-39 తన్ను తిని రేణువు బయటకి వచ్చినా గొట్టం దాటి పోలేదు, గాజులో దిగబడేది చాలా కొంచెం. తిరిగి వచ్చినాక గొట్టాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ లైన్‌లోనే, వ్యాక్యూమ్‌లోనే పగలగొట్టి, ముందు ఆ బయట తిరుగుతున్న గ్యాస్ ఎంతో కొలుస్తారు, తర్వాత క్లేని వేడిచేసి మెట్టుమెట్టుగా మిగతాది కొలుస్తారు. ఎంత పోయిందో అంకె చేతికి వస్తది, దాచేది ఏమీ లేదు. ఈ గొట్టం లేకుండా తీసిన క్లే ఆర్గాన్-ఆర్గాన్ వయసు ఎవరన్నా చూపిస్తే నేనైతే పక్కన పెట్టేస్తాను, ఎంత పెద్దవాళ్ళు చేసినా సరే.

గొట్టం వాడినా ఒక ప్రశ్న మిగులుతుంది. బయటకొచ్చిన గ్యాస్ కలిపి లెక్కకట్టాలా, వదిలేయాలా? కలిపితే పాత పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో వచ్చే వయసే వస్తది. వదిలేస్తే వయసు పెరుగుతుంది, దాన్ని రిటెన్షన్ ఏజ్ అంటారు. వదిలేయమనే వాళ్ళ వాదన ఏందంటే, రికాయిల్‌లో ఆర్గాన్-39ని పోగొట్టుకున్న అంచు పొరలే కోట్ల ఏళ్ళలో ఆర్గాన్-40ని కూడా పట్టుకోలేక వదిలేసి ఉంటాయి, అట్టాంటప్పుడు ఆ పొరల పొటాషియంని లెక్కలో పెట్టుకోకూడదు అని. ఇది గట్టి వాదనే, మంచి స్ఫటికం కట్టిన ఇల్లైట్ల మీద బాగానే నిలబడింది. కానీ అన్ని క్లేలకీ అదే అని గుడ్డిగా రాసేయకూడదు, రెండు వయసులూ ఇచ్చి మందం ఎంతో ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తో (ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని కొలిచే పద్ధతి) చూపించాలి, నా అభిప్రాయం అది. రియాక్టర్ జోలికే పోకుండా ఇప్పటికీ చాలా ల్యాబులు క్లేలకి పాత పొటాషియం-ఆర్గాన్ పద్ధతే వాడుతున్నాయంటే కారణం ఇదే, దాంట్లో న్యూట్రాన్ లేదు కాబట్టి రికాయిల్ లేదు.

ఇంక మీ గుండ్లకమ్మ ఒండ్రు. దాంట్లో ఇల్లైట్ ఉంటది, అభ్రకం పొడి కూడా ఉంటది, కానీ అవి పైనున్న కొండల్లోనించి కొట్టుకొచ్చినవి. వాటి వయసు తీస్తే కొండ రాయి ఎప్పటిదో చెప్తాయి గానీ ఏరు ఆ మట్టిని మీ పొలంలో ఎప్పుడు వేసిందో చెప్పవు. ఒండ్రు ఎప్పుడు పడిందో కావాలంటే దాంట్లో ఉన్న బొగ్గు, గుల్లలకి కార్బన్-14, ఇసుక గింజలకి ల్యూమినిసెన్స్ పద్ధతి (గింజ చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో చెప్పేది), ఎక్కువగా వాడేవి ఆ రెండే. పిల్లలతో ఒక పని చేయించండి మాస్టారూ, ఒండ్రుమట్టిని పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వదిలేసి, ఏది నిమిషంలో దిగుతుందో ఏది మర్నాటికీ దిగకుండా నీళ్ళని మబ్బుగా ఉంచుతుందో చూపించండి. ఆ దిగకుండా ఉండేదే క్లే, రికాయిల్ దెబ్బ తినేది అదే.

ప్రశ్న: చీమకుర్తిలో పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని అన్నా. మా గెలాక్సీ రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి కదా, ఆ చుక్క వయసు విడిగా తీయొచ్చా?

జవాబు: తమ్ముడూ, బ్లాక్ గెలాక్సీని ప్రపంచమంతా గ్రానైట్ అని కొంటున్నా అసలు అది గాబ్రో జాతి రాయి, ఆ బంగారు చుక్క బ్రాంజైట్ అనే పైరాక్సీన్. దాంట్లో ఇనుము, మెగ్నీషియం ఉంటాయి, పొటాషియం దాదాపు సున్నా. పొటాషియం లేనిచోట ఆర్గాన్ గడియారం నడవదు. ఇంకా ఘోరం ఏందంటే, అట్టాంటి పైరాక్సీన్ పక్కన సన్నటి బయోటైట్ (నల్ల అభ్రకం) పొర అంటుకుని ఉంటే రియాక్టర్‌లో ఆ బయోటైట్‌లోని ఆర్గాన్-39 ఎగిరి పైరాక్సీన్ అంచులోకి దిగబడుతుంది. పైరాక్సీన్‌లో ఆర్గాన్-40 లేదు, ఆర్గాన్-39 వచ్చి చేరింది, కాబట్టి వేడిచేసినప్పుడు అది అసలుకంటే చిన్న వయసు చూపిస్తది, పోగొట్టుకున్న బయోటైట్ పెద్ద వయసు చూపిస్తది.

ఇదే గొడవ రాజమండ్రి దగ్గర కనపడే నల్ల బసాల్ట్‌లోనూ ఉంది. అది దక్కన్ లావాల కాలందే, సుమారు 6.6 కోట్ల ఏళ్ళు. లావా గబగబా చల్లబడింది కాబట్టి గింజలు మరీ సన్నం, పొటాషియం అంతా చివర్లో గట్టిపడిన గాజులాంటి పదార్థంలో, గింజల సందుల్లో ఇరుక్కుని ఉంటది. ఆ సందుల్లోంచి ఆర్గాన్-39 చుట్టూ ఉన్న పైరాక్సీన్, ప్లేజియోక్లేజ్ ఖనిజాల్లోకి పోద్ది. తక్కువ వేడిలో సందుల్లోని గ్యాస్ వచ్చినప్పుడు వయసు ఎక్కువ, ఎక్కువ వేడిలో పైరాక్సీన్ వదిలినప్పుడు తక్కువ, గ్రాఫ్ గీస్తే మెట్లు దిగినట్టు ఉంటది. చంద్రుడి బసాల్ట్‌లలో మొదట కనపడి అందర్నీ ఆలోచనలో పడేసింది ఈ మెట్లే. బయటకి 5 శాతం పూర్తిగా పోతే 6.6 కోట్లు కాస్తా 6.9 పైన అయిపోద్ది, డైనోసార్లు అంతరించిన కాలానికీ ఆ లావాలకీ లింకు గురించి లక్షల ఏళ్ళ తేడాల మీద వాదన నడుస్తున్నప్పుడు 30 లక్షల ఏళ్ళు చిన్న తప్పు కాదు.

కాల్షియం ఉన్న ఖనిజాల్లో ఇంకో రికాయిల్ ఉంది, కాల్షియం నించి పుట్టే ఆర్గాన్-37ది. అక్కడ బయటకి దూకేది ప్రోటాన్ కాదు, దానికంటే బరువైన ఆల్ఫా కణం, కాబట్టి తన్ను పెద్దది, ఆర్గాన్-39 కన్నా మూడు నాలుగు రెట్లు దూరం పోద్ది. కాల్షియం వల్ల వచ్చే తప్పుల్ని సరిదిద్దడానికి ఆ ఆర్గాన్-37నే వాడతారు కాబట్టి అది తప్పిపోతే దిద్దుబాటు కూడా తప్పుతుంది. మీ రాయి వయసు కావాలంటే దాంట్లో జిర్కాన్ అనే ఖనిజం గింజలు వెతికి యురేనియం-సీసం పద్ధతిలో తీయడమే మేలు, ఆ గడియారానికి న్యూట్రాన్లతో పని లేదు.

ప్రశ్న: నేను రీసెర్చ్ స్కాలర్‌ని, కనిగిరి వైపు నీస్ రాళ్ళలో బయోటైట్ మీద పనిచేస్తున్నా. నా ఏజ్ స్పెక్ట్రమ్ (మెట్టుమెట్టుగా వేడిచేస్తే వచ్చే వయసుల గ్రాఫ్) మొదట తక్కువ, మధ్యలో గూనిలాగా పైకి, మళ్ళీ కిందికి వచ్చింది. గైడ్‌గారు ఎక్సెస్ ఆర్గాన్ (బయటనించి వచ్చి చేరిన అదనపు ఆర్గాన్-40) అంటున్నారు, నాకు రికాయిల్ అనిపిస్తోంది. ఎట్టా తేల్చుకోవాలి మేడమ్/సార్?

జవాబు: గ్రాఫ్ ఒక్కటి చూసి మీ ఇద్దరిలో ఎవరిది రైటో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఎక్కడ చూడాలో చెప్తానమ్మా.

బయోటైట్‌ని ముందు పల్చటి సెక్షన్‌లో చూడండి, వీలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద. గోధుమరంగు బయోటైట్ మధ్యలో పచ్చటి చారలు ఉన్నాయా? ఉంటే అది క్లోరైట్. మన వైపు రాళ్ళు నీళ్ళు తగిలి మారడం చాలా మామూలు కాబట్టి నూటికి నూరుపాళ్ళూ తాజా బయోటైట్ దొరికితే అదృష్టమే. క్లోరైట్‌లో పొటాషియం ఉండదు, కానీ బయోటైట్ పొరల మధ్యలో నానోమీటర్ల మందంలో దూరి కూర్చుంటది. రియాక్టర్‌లో పక్కనున్న బయోటైట్ నించి ఆర్గాన్-39 ఎగిరి దాంట్లో పడుతుంది. వేడిచేసేటప్పుడు క్లోరైట్ ముందు విరిగిపోయి ఆ ఆర్గాన్-39ని వదులుతుంది, దానికి తోడు ఆర్గాన్-40 లేదు కాబట్టి మొదటి మెట్లు తక్కువ వయసు. తర్వాత ఆర్గాన్-39 పోగొట్టుకున్న బయోటైట్ వదులుతుంది, అప్పుడు గూని. మీరు చెప్పిన ఆకారం దీంతో సరిపోతుంది, కాకపోతే ఎక్సెస్ ఆర్గాన్ ఉన్న బయోటైట్ కూడా గూని ఇవ్వగలదు, అందుకే ఆకారం ఒక్కటే సాక్ష్యం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. రికాయిల్ రెండు రకాలుగా దెబ్బ తీస్తది. ఆర్గాన్-39 గింజ దాటి బయటకి పోతే అది నష్టం, ఇంక తిరిగి రాదు, మొత్తం వయసే పెరిగిపోద్ది. గింజ లోపలే ఒక ఖనిజం నించి ఇంకో ఖనిజంలోకి మారితే అది చోటు మారడం మాత్రమే, మెట్లన్నీ వంకరపోతాయి గానీ మొత్తం గ్యాస్ కలిపి కట్టిన వయసు సరిగ్గానే ఉంటది. మీ బయోటైట్ గింజలు వంద మైక్రాన్ల పైన ఉంటే బయటకి పోయింది చాలా తక్కువ, జరిగిందంతా లోపలి మార్పే. అదే శాంపిల్‌లో ఒక భాగానికి రియాక్టర్ లేకుండా పాత పొటాషియం-ఆర్గాన్ వయసు తీయించండి. అది మీ టోటల్ గ్యాస్ ఏజ్‌తో కలిస్తే బయటకి నష్టం లేదని తేలినట్టే. ఆపైన గూని మీద మీ వాదన వినిపించాలంటే క్లోరైట్ తక్కువ ఉన్న గింజలు చేత్తో ఏరి రెండోసారి చేయించండి, క్లోరైట్ తగ్గేకొద్దీ గూని తగ్గితే మీ మాట గెలిచినట్టు, తగ్గకపోతే గైడ్‌గారి మాట వినాల్సిందే. అదే రాయిలో మస్కొవైట్ గానీ హార్న్‌బ్లెండ్ గానీ ఉంటే వాటి వయసూ పక్కన పెట్టి చూడండి. హార్న్‌బ్లెండ్ 500 డిగ్రీల పైనే మూసుకుపోద్ది, అంటే ఆర్గాన్‌ని లోపల నిలుపుకోవడం మొదలుపెడుతుంది, బయోటైట్ సుమారు 300 దగ్గర, కాబట్టి బయోటైట్ వయసు హార్న్‌బ్లెండ్ కంటే పెద్దదిగా వచ్చిందంటే ఎక్సెస్ ఆర్గానో రికాయిలో ఏదో ఒకటి ఉందని అనుమానించాల్సిందే.

ఒక జాగ్రత్త. మైకాలో మెట్లన్నీ చదునుగా వచ్చినంత మాత్రాన మురిసిపోవద్దు. మైకాని వ్యాక్యూమ్‌లో వేడిచేస్తే లోపల ఉన్న నీటి అంశం పోయి నిర్మాణం చెదిరిపోద్ది, గ్యాస్ అంతా కలగలిసి బయటకి వస్తది, లోపల ఎగుడుదిగుడులు ఉన్నా పైకి చదునుగానే కనపడొచ్చు. చదునైన గ్రాఫ్ చూసి ఆగిపోయిన థీసిస్‌లు ఉన్నాయి, మీది అట్టా కాకూడదని కోరిక.

మన దేశంలో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలోనూ ముంబై ఐఐటీలోనూ ఈ పని జరిగింది, శాంపిళ్ళని ట్రాంబేలోని రియాక్టర్లలో ఇర్రేడియేట్ చేయించారు. శాంపిల్ ఎక్కడికి పంపినా ఫారంతో పాటు ఒక కాగితం జత చేయండి, గింజ సైజు ఎంత, పలక మందం ఎంత, క్లోరైట్ ఎంత శాతం ఉందని మీ అంచనా, ఏ ఊరి ఏ గుట్ట, ఎంత లోతు నించి తీశారు అనేవి రాసి. రేపు మీ పేపర్లోనూ వయసు పక్కనే అవి అచ్చువేయండి, చదివేవాళ్ళు రికాయిల్ లెక్క వాళ్ళే కట్టుకుంటారు.